రెండో పేజీ మళ్లీ రాయి

చిరంజీవి అమ్మాయికి,

కథ అందింది. గద్వాల పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్‌కి, అంటే ఒక రకం పత్తి పుప్పొడిని చేత్తో మరో రకం పువ్వుకి అంటించే పనికి, వెళ్లే పిల్ల గురించి రాశావు, బాగుంది. కానీ రెండో పేజీ దగ్గర చదవడం ఆపేశాను. పొద్దున్నే విచ్చుకున్న పువ్వు రేకుల్లో పుప్పొడి పుడుతోందనీ, ఆ పిల్ల దాన్ని దులిపేస్తోందనీ రాశావు. అక్కడే నాకు కథ మీద నమ్మకం పోయింది.

పుప్పొడి రేకుల్లో పుట్టదమ్మా. కేసరం కొసనుండే పరాగకోశంలో పుడుతుంది. చాలా పూలలో ఆ కోశానికి నాలుగు గదులుంటాయి. పత్తి, మందారాల్లో రెండే. గదిలోని ఒక్కో మాతృకణం విడిపోయి నాలుగు పుప్పొడి రేణువులవుతుంది. గది లోపలి పొర వాటికి పోషణ ఇచ్చి, తర్వాత తాను కరిగిపోతుంది. ఇదంతా మొగ్గలోనే అయిపోతుంది. అందుకే క్రాసింగ్ కూలీలు రేపు విచ్చుకోబోయే మొగ్గని ఈ సాయంత్రమే పట్టుకుంటారు. బొటనవేలి గోటితో అడుగున గాటు పెట్టి, రేకుల్నీ కేసరాల గొట్టాన్నీ కలిపి తొడుగులా ఊడదీస్తారు. తెల్లారాక పుప్పొడి కోసం పెంచిన మగ రకం చెట్టు పువ్వు తెచ్చి, ఇక్కడ మిగిలిన కీలం, అంటే పువ్వులోని ఆడ భాగపు కాడ, కొసకి రాస్తారు. నువ్వు రాసినట్టు పువ్వు విచ్చుకున్నాక దులిపితే ఏం లాభం? సొంత పుప్పొడి అప్పటికే అంటుకుని ఉంటుంది, ఆ గింజ హైబ్రిడ్ కాదు. బడి నుంచి రాగానే ఆ పిల్ల చేనుకి ఎందుకు పరిగెత్తాలో చెప్పేది ఈ సంగతే కదా! నీ కథంతా ఇందులోనే ఉంది.

నేను కొత్తగా రాసే రోజుల్లో గుమ్మడి మగపువ్వుకీ ఆడపువ్వుకీ తేడా వర్ణిస్తే, ఒక సంపాదకుడు 'ఇది పాఠం, కథ కాదు' అని ఆ పేరా మొత్తం కొట్టేశారు. ఆ చోట 'పూలు నవ్వాయి' అని తనే రాసి అచ్చేశారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మన కథల్లో పూలు నవ్వుతాయి, సిగ్గుపడతాయి, ఒక్కదానికీ కేసరం ఉండదు. ఈ ఫ్యాషన్ నీకు అంటకూడదనే ఇంత రాస్తున్నాను.

రేపు విచ్చేలా ఉన్న మందార మొగ్గ ఒకటి తెచ్చి బ్లేడుతో నిలువునా చీల్చు. రెక్కమందారమే తీసుకో, ముద్దమందారంలో చాలా కేసరాలు రేకులైపోయి ఉంటాయి. మధ్య కాడ చివర ఐదు ఎర్రటి బొడిపెలు కనిపిస్తాయి. చాలామంది వాటినే పుప్పొడి అనుకుంటారు. అవి కీలాగ్రాలు, పుప్పొడిని అందుకునేవి. కింద గొట్టం చుట్టూ సన్నటి కాడల మీద ఉండేవే పరాగకోశాలు. ఒకదాన్ని సూదితో నల్ల కాగితం మీద చిదిమి చూడు.

ఆ తర్వాత రెండో పేజీ మళ్లీ రాసి పంపు. ఈసారి సాయంత్రం నుంచి మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు