పార్వో వచ్చిన కుక్కపిల్ల వైద్యానికి డబ్బు ఎలా అడగాలి?

రోడ్డు మీద దొరికిన కుక్కపిల్లకి పార్వో (కుక్కలకి వచ్చే ప్రమాదకరమైన వైరస్ జబ్బు) అని తేలింది, చేతిలో డబ్బు లేదు, ఎవరిని ఎలా అడగాలి అన్నారు కదా. ముందు అడ్మిట్ చేసేయండి. వాంతులు, రక్త విరేచనాలతో ఒంట్లో నీరంతా పోతుంది, సెలైన్ ఆలస్యం కాకూడదు. ఉన్నంత అడ్వాన్స్ కట్టి, మిగతాది విడతలుగా కడతానని డాక్టర్‌ని అడగండి. మొహమాటపడకండి.

తర్వాత ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి. చాలామంది ‘ప్లీజ్ హెల్ప్’ అని ఒక ఫోటో పెట్టి ఊరుకుంటారు. మీరు మాత్రం ఎంత కావాలి, దేనికి, ఇప్పటిదాకా ఎంత వచ్చింది అన్నీ రాయండి. వీలైతే డబ్బు నేరుగా ఆస్పత్రికే కట్టమనండి, అనుమానానికి చోటుండదు.

నేనూ ఒకసారి ఇలాగే అడిగాను. రక్తం కనిపించే ఫోటో పెడితే జనం చూడలేక పక్కకి జరిగిపోయారు. ముందు కాలికి సెలైన్ గొట్టంతో, పాత తువ్వాలులోంచి తల ఎత్తి చూస్తున్న ఫోటో, పక్కనే ఆ రోజు బిల్లు పెట్టాకే సాయం మొదలైంది. ఇలా ఫోటో పెట్టేకంటే ముందు తెలిసినవాళ్లకి విడివిడిగా మెసేజ్ చేయండి. గ్రూపులో అడిగితే ఇంకెవరో ఇస్తారులే అనుకుంటారు.

రోజూ రెండు ముక్కలు అప్‌డేట్ రాయండి. పరిస్థితి విషమించినా దాచకండి. డబ్బు మిగిలితే ఏం చేస్తారో ఇప్పుడే చెప్పేయండి.

అన్నట్టు, పిల్ల పడుకున్న చోటు బ్లీచ్ కలిపిన నీళ్లతో కడగండి. ఈ వైరస్ నెలల తరబడి బతుకుతుంది.