డబ్బు కట్టే ముందు సెర్చ్ కన్సోల్ తెరవండి

ప్రశ్న: మాది ఆత్రేయపురం. అమ్మ, అత్తయ్య 30 ఏళ్లుగా పూతరేకులు చుడుతున్నారు. కొరియర్ ఆర్డర్ల కోసం నిరుడు వెబ్‌సైటు చేయించాను. గూగుల్‌లో ఎంత వెతికినా మా సైటు కనబడటం లేదు. నెలలో మొదటి పేజీకి తెస్తానని, సైటు చేసినాయనే 15 వేలు తీసుకున్నాడు. మూడు నెలలైనా మార్పు లేదు. ఇప్పుడు ఇంకో 15 వేలు అడుగుతున్నాడు. ఇవ్వాలా? ఉచితంగా మేమే చేసుకోగలిగింది ఏమైనా ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కోనసీమ జిల్లా

జవాబు: ఇవ్వకండమ్మా. మొదటి స్థానం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. ప్రకటనలకు డబ్బు తీసుకుంటుంది గానీ, మామూలు ఫలితాల్లో పైకి జరపడానికి తీసుకోదు.

ముందు మీ సైటు గూగుల్ లెక్కలో ఉందో లేదో చూడండి. వెతికే చోట ‘సైట్’ (site) అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ అడ్రసు రాయండి. ఒక్క పేజీ కూడా రాలేదంటే, మీరు వెనకబడటం కాదు, బహుశా అసలు చేరనే లేదు. మా చెల్లెలి పచ్చళ్ల సైటుకు అదే జరిగింది. సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే గడి ఒకటుంటుంది. సైటు కట్టేటప్పుడు టిక్కు పెట్టినవాళ్లు తర్వాత తీయడం మరచిపోయారు. ఐదు నెలల పాటు తను రాత్రిళ్లు కూర్చుని ఫొటోలు మారుస్తూ, తన పచ్చళ్లే జనానికి నచ్చలేదేమో అనుకుని కుమిలిపోయింది. అది చూశాకే నేను ఈ పని పట్టుదలగా నేర్చుకున్నాను.

ఇక గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరవండి. మీ సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో సైటు సొంతదారుకు చూపే గూగుల్ సాధనం ఇది. పైసా ఖర్చు లేదు. సైటు మీదేనని రుజువు చేయడానికి ఒక కోడ్ ఇస్తుంది, దాన్ని సైటులో పెట్టాలి. తర్వాత పైన ఉండే గడిలో మీ పేజీ అడ్రసు వేస్తే, గూగుల్ దాన్ని చేర్చుకుందా, లేకపోతే ఎందుకు చేర్చుకోలేదు అన్నది చెబుతుంది. అక్కడే చేర్చమని అడగొచ్చు. ఒకసారి అడిగితే చాలు, పదే పదే నొక్కినంత మాత్రాన పని త్వరగా అవదు.

నా దృష్టిలో దీని అసలు విలువ పెర్ఫార్మెన్స్ రిపోర్టులో ఉంది. జనం ఏం టైపు చేసినప్పుడు మీ పేజీ కనబడింది, ఎంతమంది నొక్కారు అన్నది 16 నెలల వరకు వెనక్కి వెళ్లి చూడొచ్చు. పూతరేకుల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు రెండు ఓలతో రాస్తారు, ఒకరు యూతో రాస్తారు, టీ పక్కన హెచ్ కొందరు పెడతారు, కొందరు పెట్టరు. తెలుగు రానివాళ్లు పేపర్ స్వీట్ అంటారు. ఆ స్పెల్లింగులన్నీ పేజీలో కుక్కకండి, చదివేవాళ్లకు చికాకు. వాటి వెనక ఉన్న ప్రశ్నను పట్టుకోండి. ‘బెల్లంవి ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి’, ‘అమెరికాకు పంపుతారా’ లాంటివి కనబడితే వాటికి మీ పేజీలో సూటిగా జవాబు రాయండి. బోర్లించిన కుండ మీద అత్తయ్య రేకు ఎలా తీస్తారో నాలుగు వాక్యాల్లో మీరే చెప్పండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన సంగతి కూడా రాయండి. ఇది మీ ఇంటి విద్య, మీకన్నా బాగా ఎవరూ రాయలేరు.

కనబడుతున్నా ఎవరూ నొక్కడం లేదంటే పేజీ టైటిల్, అంటే గూగుల్ ఫలితాల్లో మీ పేజీకి పేరుగా కనబడేది, చూడండి. చాలా సైట్లలో అది ‘హోమ్’ అని ఉండిపోతుంది. దాని బదులు ‘ఆత్రేయపురం నేతి పూతరేకులు, బెల్లం, పంచదార’ అని ఉంటే వెతికేవాళ్లకు విషయం తెలుస్తుంది. ధరల పట్టికను ఫొటోగా పెట్టి ఉంటే తీసేసి, అక్షరాల్లో టైపు చేయండి.

పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటుందో కొలిచే గూగుల్ సైటు పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ అడ్రసు వేసి మొబైల్ ఫలితం చూడండి. పేజీలో అన్నిటికన్నా పెద్ద బొమ్మ లేదా అక్షరాల భాగం 2.5 సెకన్లలోపు కనబడితే మంచిదని గూగుల్ లెక్క. ఆలస్యమవుతుంటే ఫోన్లో తీసిన 4, 5 ఎంబీల ఫొటోలను అలాగే ఎక్కించారేమో చూసుకోండి. స్క్వూష్ అనే ఉచిత సైటులో వాటిని బాగా తగ్గించుకోవచ్చు.

రావులపాలెం మీదుగా కార్లలో వెళ్లేవాళ్లు దగ్గర్లో పూతరేకులు ఎక్కడ దొరుకుతాయని మ్యాప్‌లో వెతుకుతారు. వాళ్ల కోసం గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టండి, అదీ ఉచితమే. వేళలు, ఫోన్ నంబరు సరిగ్గా ఇవ్వండి. కొన్నవాళ్లను రివ్యూ రాయమని అడగడానికి మొహమాటపడకండి.

ఇవన్నీ చేసినా రేపే ఫలితం కనబడదు, కొన్ని వారాలు ఆగాలి. ఈలోగా సైటు చేసినాయన్ని ఒక్కటి అడగండి: మీ డొమైన్, అంటే సైటు అడ్రసు, ఎవరి పేరు మీద రిజిస్టరై ఉంది? ఆయన పేరు మీద ఉంటే మీ పేరుకు మార్పించుకుని, సైటు పాస్‌వర్డులన్నీ తీసుకోండి. గొడవ పడకముందే, ఈ వారంలోనే.