యాంటీబాడీలు తగ్గితే రక్షణ పోయినట్టేనా?

ప్రశ్న: వైరస్ జ్వరం తగ్గాక యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నాను. కొన్ని నెలలకు మళ్లీ చేయిస్తే అంకె బాగా పడిపోయింది. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. టీ కణాలు కూడా కాపాడతాయని చదివాను. యాంటీబాడీలు తగ్గినా అవి పనిచేస్తాయా? - ఒక పాఠకురాలు

జవాబు: పనిచేస్తాయండీ. మీ రిపోర్టులో ఉన్నది రక్తంలో తిరిగే యాంటీబాడీల లెక్క మాత్రమే. జబ్బు తగ్గాక అవి కొంత తగ్గడం మామూలే. టీ కణాలు ఒక రకం తెల్లరక్తకణాలు, అవి ఆ పరీక్షకు అందవు. వాటిని చూడాలంటే బతికున్న తెల్లరక్తకణాలను వేరుచేసి, వైరస్ ప్రొటీన్ ముక్కలు కలిపి, రాత్రంతా వెచ్చగా ఉంచాలి. వైరస్‌ను గుర్తుపట్టిన కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని వదులుతుంది. రంగు వేస్తే ఆ చోట చుక్క పడుతుంది. ఒక చుక్క అంటే ఒక కణం. ల్యాబ్‌లో చాలా ఏళ్లు ఈ చుక్కలు లెక్కపెట్టాను. యాంటీబాడీలు బాగా తగ్గిపోయినవాళ్ల ప్లేట్లలోనూ చుక్కలు కనిపించేవి.

యాంటీబాడీ ప్రధానంగా కణం బయట ఉన్న వైరస్‌ను పట్టుకుంటుంది. వైరస్ లోపలికి దూరాక పని కిల్లర్ టీ కణాలది, అంటే సీడీ8 రకానిది. మన కణాలు లోపల తయారయ్యే ప్రొటీన్ల ముక్కల్ని ఎప్పటికప్పుడు పైపొర మీద పెట్టి చూపిస్తుంటాయి. ఒక్కో ముక్కలో ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాలు, అంతే. అందులో వైరస్‌ది ఒకటి కనబడితే కిల్లర్ కణం దగ్గరకొచ్చి అతుక్కుంటుంది. పెర్‌ఫోరిన్ అనే ప్రొటీన్‌తో పొరకు రంధ్రాలు చేసి, కణాన్ని చంపే గ్రాంజైములను లోపలికి పంపుతుంది. వైరస్ సోకిన ఆ కణం బుడగలు బుడగలుగా ఉబ్బి చచ్చిపోతుంది. కిల్లర్ కణం మాత్రం చెక్కుచెదరకుండా ఇంకోదాని మీదికి పోతుంది. మైక్రోస్కోపు కింద ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు. ఈ గుర్తింపుకు వైరస్ ముక్క ఒక్కటే చాలదని, దాన్ని చూపించే మన సొంత ప్రొటీన్ కూడా సరిపోలాలని 1974లో రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ చూపించారు. 1996లో దానికే నోబెల్ వచ్చింది.

మరి యాంటీబాడీలు అసలు లేకపోతే? పుట్టుకతోనే వాటిని తయారుచేసుకోలేని పిల్లలున్నారు. ఈ లోపాన్ని 1952లో ఓగ్డెన్ బ్రూటన్ వివరించారు. అలాంటి పిల్లలకు తట్టు వస్తే చాలామంది మామూలుగానే కోలుకుంటారు. టీ కణాల లోపం ఉన్న పిల్లలకు అదే తట్టు ప్రాణాంతకమైన న్యుమోనియాగా మారవచ్చు. అయితే పేగుల ద్వారా వచ్చే ఎంటిరోవైరస్‌ల విషయంలో కథ తిరగబడుతుంది. అక్కడ యాంటీబాడీలు లేనివాళ్లే బాగా దెబ్బతింటారు. ఏ వైరస్‌కు ఏది ముఖ్యమన్నది ఆ వైరస్‌ను బట్టే ఉంటుంది.

హెల్పర్ కణాల గురించి చెప్పకపోతే జవాబు సగమే. సీడీ4 రకానికి చెందిన ఇవి లింఫ్ గ్రంథుల్లో, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలకు సంకేతాలిస్తాయి. ఆ సాయం అందితేనే చాలా వైరస్‌లకు గట్టి యాంటీబాడీలు, ఎక్కువకాలం నిలిచే బీ కణాలు తయారవుతాయి. అంటే మీ రిపోర్టులోని అంకె వెనక కూడా టీ కణాల చేయి ఉంది. కిల్లర్ కణాల జ్ఞాపకం నిలవడానికీ వీటి అండ కావాలి. హెచ్‌ఐవీ దెబ్బతీసేది ఈ సీడీ4 కణాలనే. అవి మైక్రోలీటరుకు 200 లోపుకు పడిపోతే, ఆరోగ్యవంతుల్ని ఏమీ చేయలేని సూక్ష్మజీవులు కూడా మీదపడతాయి.

జ్ఞాపకం ఎన్నాళ్లుంటుందంటారా? 2003లో సార్స్ అనే కరోనా వైరస్ జబ్బు వచ్చి తగ్గినవాళ్లలో 17 ఏళ్ల తర్వాత కూడా ఆ వైరస్‌ను గుర్తుపట్టే టీ కణాలు దొరికాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. టీ కణాలు వైరస్‌ను గుమ్మం దగ్గర ఆపలేవు. కణంలోకి దూరాకే వాటి పని మొదలవుతుంది. అందుకే మళ్లీ జలుబు, జ్వరం రావచ్చు, కానీ ముదిరే ప్రమాదం తగ్గుతుంది. కాబట్టి టీ కణాలున్నాయి కదా అని డాక్టరు చెప్పిన టీకా డోసు మానేయకండి. అంకె కోసం పదేపదే పరీక్షలూ చేయించుకోకండి.

ప్రశ్న: టీ కణాలు పెరగడానికి మాత్రలు వాడొచ్చా? ఎక్కువుంటే మంచిదే కదా? - మరో పాఠకుడు

జవాబు: వద్దండీ. ఎక్కువైతే మంచిదని లేదు. హెపటైటిస్ బీలో కాలేయానికి జరిగే నష్టం చాలావరకు వైరస్ వల్ల కాదు, వైరస్ సోకిన కణాలపై మన కిల్లర్ కణాలు చేసే దాడి వల్లే. ఎలుకల మెదడులోకి ఎల్‌సీఎమ్‌వీ అనే వైరస్‌ను ఎక్కిస్తే, టీ కణాలున్నవి చనిపోతాయి, లేనివి బతుకుతాయి. అందుకే రెగ్యులేటరీ టీ కణాలు ఈ దాడిని అదుపులో పెడతాయి. వాటిని వెలుగులోకి తెచ్చిన షిమోన్ సకగూచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కు 2025లో నోబెల్ ఇచ్చారు. అవయవ మార్పిడి మందులో, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లో వాడుతుంటే మాత్రం ఏ టీకా ఎప్పుడు వేయించుకోవాలో మీ డాక్టర్ని తప్పక అడగండి. బతికున్న వైరస్‌తో చేసిన టీకాలు కొన్ని అలాంటివాళ్లకు పనికిరావు.