పాత మోటార్‌హోమ్ జాకులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ లోపల ఇల్లులా అమర్చిన బండిని, అంటే మోటార్‌హోమ్‌ను ఆపినచోట మట్టంగా నిలబెట్టే హైడ్రాలిక్ జాకుల గురించే. జవాబులకు ముందు ఒక్క మాట. పాత బండ్లలో ఎక్కువగా కనిపించే రకంలో జాకును కిందికి దించడానికి 12 వోల్టుల పంపు ఆయిల్‌ను తోస్తుంది. పైకి తేవడంలో మాత్రం పంపుకు పనే లేదు. వాల్వు తెరుచుకోగానే జాకు పక్కనున్న స్ప్రింగులే రాడ్డును పైకి లాగి, ఆయిల్‌ను మళ్లీ ట్యాంకులోకి పంపేస్తాయి. కాబట్టి ‘దిగడం లేదు’, ‘పైకి రావడం లేదు’ అనేవి రెండు వేరు జబ్బులు. మీది ఏదో ముందు తేల్చుకోండి. పైకి తీయడం కూడా పంపే చేసే రకం కొన్ని బండ్లలో ఉంది. దానికి స్ప్రింగులుండవు, ఈ జవాబుల్లో కొన్ని దానికి వర్తించవు.

ప్రశ్న: బటన్ నొక్కితే ‘టక్’మని చప్పుడు వస్తోంది కానీ పంపు తిరగడం లేదు. బ్యాటరీకి మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తోంది. పంపు మోటారు కాలిపోయిందా?

జవాబు: మోటారు కొనే ముందు ఆగండి. ఆ ‘టక్’ రిలేది; బటన్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో మోటారుకు పెద్ద కరెంటు కలిపే స్విచ్ అది. అంటే కీ, హ్యాండ్ బ్రేకు, ప్యానెల్, బటన్, ఇవన్నీ సరిగ్గా ఉండి రిలే దాకా కరెంటు వస్తోంది. తప్పు ఆ తర్వాతి మందపాటి వైర్ల దారిలో ఉంది. 12.6 అన్నది పని లేనప్పటి లెక్క. ఈ మోటారు 100 ఆంపియర్లకు అటూ ఇటూగా లాగుతుంది. అంత బరువు మీద పడ్డప్పుడు ఏం జరుగుతుందో చూడాలి.

ఒకరు బటన్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు మీటరుతో కొలవాలి. మొదట బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద పెట్టండి. అక్కడే 10 కంటే దిగిపోతే బ్యాటరీ అయిపోయినట్టే, లేదా చార్జింగ్ లేదు. అక్కడ బాగానే ఉంటే రిలే రెండు పెద్ద బోల్టుల మీద చెరో మొన పెట్టండి. బటన్ నొక్కినప్పుడు 0.3 వోల్టు లోపే రావాలి. పూర్తి 12 వస్తే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి, రిలే మార్చండి. ‘టక్’మన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు.

రిలే కూడా మంచిదైతే ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి మోటారు ఒంటి మీద పెట్టి బటన్ నొక్కించండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ సరిగ్గా అందడం లేదు. ఏళ్ల తరబడి రోడ్డు నీళ్లు, ఉప్పు తిన్న ఛాసీ మీద ఎక్కువగా చెడేది ఇదే. బ్యాటరీ మైనస్ ఊడదీసి, ఎర్త్ బోల్టు విప్పి, వైరు చివరి రింగునూ, దాని కింద ఛాసీనీ తుప్పు, రంగు పోయి తెల్లటి లోహం కనిపించేదాకా గీకి, బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి. ఈ మూడు కొలతలూ బాగుండి మోటారు దగ్గర పూర్తి వోల్టేజీ అందుతున్నా తిరగకపోతే అప్పుడు మోటారును అనుమానించండి. జాకులు వాడేటప్పుడు ఇంజిను స్టార్ట్ చేసి ఉంచడం మంచి అలవాటు. పంపును ఆపకుండా నిమిషాల తరబడి తిప్పితే మోటారు వేడెక్కుతుంది.

ప్రశ్న: మూడు జాకులు చక్కగా పైకి వస్తున్నాయి. వెనక ఎడమది మాత్రం గంట పడుతోంది, ఒక్కోసారి సగంలోనే ఆగిపోతోంది.

జవాబు: ఒక్కదానిలోనే తేడా ఉందంటే ట్యాంకూ పంపూ అమాయకులు. మిగిలేవి దాని వాల్వు, స్ప్రింగు, రాడ్డు. చాలా వ్యవస్థల్లో ప్రతి వాల్వుకూ చేత్తో తెరిచే నట్టు గానీ పిడి గానీ ఉంటుంది. పైకి తీసే బటన్‌కు లొంగని జాకు, దాని నట్టు వదులు చేయగానే సరసరా వచ్చిందంటే జాకు మంచిదే, వాల్వును కరెంటుతో తెరిచే కాయిల్‌కో దాని వైరుకో కరెంటు అందడం లేదు. నట్టు తెరిచినా నత్తనడకే అయితే తప్పు జాకులోనే ఉంది. బండి బరువు ఆ జాకు మీద ఉండగా నట్టు తెరిస్తే ఆ మూల ఒక్కసారిగా కుంగుతుంది. కింద మనిషి కాదు కదా, చెయ్యి కూడా ఉండకూడదు. పని అయ్యాక నట్టు మళ్లీ బిగించడం మరవకండి, లేదంటే రేపు ఆ జాకు బరువు మొయ్యదు.

జాకులోనే అని తేలితే రాడ్డు పూర్తిగా దింపి చూడండి. మెరిసే క్రోమ్ మీద వేలు పోనిస్తే ఎండిన బురద పొర గరగరమంటూ తగులుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, సిలికాన్ స్ప్రే కొట్టి, నాలుగైదు సార్లు దించి ఎత్తండి. చాలావరకు ఇంతటితో దారికొస్తుంది. గ్రీజు రాయొద్దు, దుమ్మును పట్టి, ఆయిల్ కారకుండా ఆపే సీల్‌లోకి లాక్కెళుతుంది. ఉప్పు కాగితంతో రుద్దితే క్రోమ్ మీద గీతలు పడి, ఆ గీతల వెంట ఆయిల్ కారడం మొదలవుతుంది. రాడ్డు శుభ్రంగా ఉన్నా రాకపోతే స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి. రెండూ కలిపే మార్చాలి, ఒక్కటే కొత్తదైతే లాగుడు ఒక పక్కకు పోతుంది. రాడ్డు వంగిందేమో కూడా చూడండి, జాకు దిగి ఉండగా బండి కదిపితే అలా అవుతుంది.

నాలుగూ కలిసి మందగిస్తే లెక్క వేరు. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం పూడిందేమో చూడండి. గాలి బయటికి పోకపోతే ఆయిల్ తిరిగొచ్చే చోటుండదు. చలికి ఆయిల్ చిక్కబడినా ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: సాయంత్రం రసమట్టం పెట్టి సరిచేసి పడుకుంటే, తెల్లారేసరికి ముందు కుడి మూల దిగిపోతోంది. ఎక్కడా ఆయిల్ చుక్క కనిపించదు.

జవాబు: దిగింది జాకా, నేలా అన్నది ముందు తేల్చండి. సాయంత్రం సిలిండరు చివరి నుంచి పాదం దాకా టేపుతో కొలిచి రాసుకోండి. పొద్దున అంతే ఉంటే జాకు తప్పేమీ లేదు, జాకు కింద వేసిన పలక నేలలోకి కుంగింది. ఇంకా వెడల్పు పలక వెయ్యండి.

కొలత తగ్గితే ఎంత తగ్గిందో చూడండి. పగటి వేడికి ఉబ్బిన ఆయిల్ రాత్రి చల్లబడి కుంచించుకుంటుంది. 30 సెంటీమీటర్లు దిగిన జాకులో 20 డిగ్రీల తేడాకు సుమారు 4 మిల్లీమీటర్లు పోతుంది. అది జబ్బు కాదు, పొద్దున ఒకసారి సరిచేసుకుంటే చాలు.

సెంటీమీటర్లలో దిగుతోందంటే ఆయిల్ ఎటో పోతోంది. స్ప్రింగు రకం జాకులో సీల్ చెడితే ఆయిల్ రాడ్డు వెంట బయటికే రావాలి, దాక్కునే చోటు లేదు. మీకు బయట చెమ్మ లేదంటున్నారు కాబట్టి ఆయిల్ వాల్వు గుండా ట్యాంకులోకి జారుతోంది. ముందుగా చేత్తో తెరిచే నట్టు పూర్తిగా బిగిసి ఉందో లేదో చూడండి. అది బిగువుగా ఉంటే వాల్వు కూర్చునే చోట నలుసు అడ్డుపడి ఉంటుంది. నమ్మకమైన పరీక్ష ఒకటుంది. జాకులన్నీ పైకి తెచ్చి, ఒత్తిడి లేకుండా చేసి, ముందు కుడి వాల్వునూ ముందు ఎడమ వాల్వునూ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టండి. రేపు పొద్దున ఎడమ మూల దిగితే చెడింది వాల్వే. మళ్లీ కుడి మూలే దిగితే వాల్వులు బిగించే దిమ్మనూ హోసు జాయింట్లనూ వెతకండి. వాల్వు విప్పే ముందు చుట్టూ శుభ్రంగా తుడవండి. కొత్త వాల్వులోకి పాత మట్టి పడితే పని మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: జాకులన్నీ పైకి వచ్చేశాయి, కంటికి కనిపిస్తోంది. అయినా ‘జాకులు దిగి ఉన్నాయి’ అనే ఎర్ర లైటు ఆరడం లేదు.

జవాబు: కంటితో చూడటం మంచి పని, లైటు ఆరి ఉన్నా అది మానకండి. ప్రతి జాకు దారిలో ఒక ప్రెషర్ స్విచ్ ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి ఉన్నంతసేపు అది తన వైరును ఎర్త్‌కు కలిపి ఉంచుతుంది. ఒక్కో స్విచ్ వైరు ఊడదీస్తూ రండి. ఏది తీసినప్పుడు లైటు ఆరితే ఆ స్విచ్ అంటుకుపోయినట్టు. అన్నీ తీసినా వెలుగుతూనే ఉంటే, వైరు ఎక్కడో ఒరుసుకుని ఛాసీకి తగులుతోంది. విసుగొచ్చి బల్బు పీకెయ్యాలనిపిస్తుంది, దయచేసి ఆ పని చెయ్యకండి. దిగి ఉన్న జాకుతో బయలుదేరితే జాకూ పోతుంది, ఛాసీ బిగింపులూ పోతాయి.

ప్రశ్న: ఏ ఆయిల్ పొయ్యాలి, ఎంత?

జవాబు: మీ పంపు మీదో పుస్తకంలోనో రాసి ఉన్నదే మొదటి మాట. చాలా వాటికి డెక్స్‌రాన్-3 రకం ఎర్రటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలే. ఆ పేరుకు జనరల్ మోటార్స్ లైసెన్సులు 2006తో ఆగిపోయాయి కాబట్టి సీసా మీద ‘డెక్స్‌రాన్-3కి సరిపోతుంది’ అని చూసి కొనండి. బ్రేకు ఆయిల్ ఒక్క చుక్క కూడా పడకూడదు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి. మట్టం చూసేది జాకులన్నీ పూర్తిగా పైకి ఉన్నప్పుడే. దిగి ఉండగా నిండా పోశారంటే, అవి పైకి వచ్చేటప్పుడు ఆయిల్ మూత లోంచి పొంగి బండి కిందంతా పారుతుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి, మొత్తం మార్చండి. మార్చాక జాకులను రెండు మూడు సార్లు పూర్తిగా దించి ఎత్తితే గాలి తనంతట తానే పోతుంది.

ప్రశ్న: జాకుల మీద ఎత్తిపెట్టి టైరు మార్చవచ్చా? దించేటప్పుడు ముందు ఏది?

జవాబు: టైరుకు వద్దు. ఇవి మట్టం చెయ్యడానికే. ఒక హోసు పగిలినా, వాల్వు జారినా బండి మొత్తం కిందకొస్తుంది. కిందికి దూరాలంటే బరువుకు తగిన స్టాండ్లు ఛాసీ కింద ఉండి తీరాలి.

హ్యాండ్ బ్రేకు చాలా బండ్లలో వెనక చక్రాలనే పడుతుంది. కాబట్టి వెనక చక్రాలు నేల విడిచేంత ఎత్తారంటే బ్రేకు లేనట్టే, బండి జాకుల మీంచి దొర్లిపోతుంది. వెనక వైపు పల్లంగా ఉంటే, ఆపేటప్పుడే వెనక చక్రాలను పలకల మీదికి ఎక్కించండి. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మలు పెట్టి మొదలుపెట్టండి. జాకులను జంటగా వాడండి, ముందు రెండూ లేదా ఒక పక్క రెండూ. ఒక్క మూలనే ఎత్తితే ఛాసీ మెలిపడి తలుపు బిగుసుకుంటుంది, ముందు అద్దం పగలనూ వచ్చు. దించేటప్పుడు తలుపు ఒకసారి తెరిచి మూసి చూడండి. గడియ పట్టుకుంటోందంటే ఆ మూల ఎక్కువైందని అర్థం, అక్కడ కొంచెం తగ్గించండి.