స్పేసర్ల గురించి అడిగిన అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన నీ పికప్పు ఫొటో చూశాను. చక్రాలు మడ్‌గార్డుల లోపలికి ముడుచుకున్నట్టున్నాయని, నాలుగింటికీ ముప్పై మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే చక్రాన్ని బయటికి జరిపే లోహపు దిమ్మెలు, తెప్పిస్తున్నానని రాశావు. ఆ సాయంత్రమే మా అక్కయ్య, అదే మీ అమ్మ, ఫోను చేసి, "వాడికి నువ్వైనా వద్దని చెప్పు" అంది. వద్దు అని ఒక్క ముక్కలో తేల్చేసే అర్హత నాకు లేదు. ముప్పై ఏళ్లకు పైగా తిరుపతిలో లేతు మీద నిలబడినవాడిని, ఇలాంటి స్పేసర్లు నా చేతులతో చేసి డబ్బు తీసుకున్నవాడిని.

మొదటిది చేసినప్పుడు నాకు నీ వయసే. చంద్రగిరి వైపు నుంచి ఒక రైతు తన జీపు తెచ్చాడు. పెద్ద టైర్లు వేస్తే స్ప్రింగు పట్టీలకు రాసుకుంటున్నాయి, కాస్త బయటికి జరపమన్నాడు. నేను పాత గేర్‌బాక్సు మూతలు కరిగించి పోసిన అల్యూమినియం దిమ్మె తీసుకుని, పలకలుగా కోసి, ఐదు రంధ్రాలు వేసి, హబ్బుకూ (ఇరుసు కొసన చక్రం కూర్చునే ముక్క) చక్రానికీ మధ్య పెట్టి, హబ్బు నుంచి పొడుచుకొచ్చే మరల కడ్డీలు, అంటే ఉన్న స్టడ్లకే ఉన్న నట్లు బిగించాను. నట్టు నాలుగు చుట్లు పట్టింది. గట్టిగానే ఉంది కదా అనుకున్నాను. కొన్ని నెలలకు భాకరాపేట ఘాటులో ఎడమ వెనుక చక్రం దగ్గర టకటకమని చప్పుడు వినిపించి, ఆ మనిషి పుణ్యమా అని బండి ఆపేశాడు. నేను సామాను సంచితో బస్సెక్కి వెళ్లాను. రెండు స్టడ్లు తెగిపోయాయి, మూడోది వంగింది. పలక రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగాయి, వాటి చుట్టూ కాటుకలాంటి నల్లటి పొడి. తెగిన స్టడ్డు ముఖం చూస్తే ఒక సగం నున్నగా, గవ్వ మీది గీతల్లా వరుసలు. మిగతా సగం ఇసుకలా గరుకు. ఆ నున్నటి సగమంతా రోజూ ఇంత చొప్పున చీలుతూ వచ్చినదే. చివరి రోజున తెగింది ఆ గరుకు సగం మాత్రమే. ఆ స్టడ్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆ రోజు ఘాటులో కూర్చుని నేర్చుకున్నది చెబుతాను. బండి బరువును స్టడ్డు మోయదు. నట్టు బిగింపుకు చక్రం ముఖం, హబ్బు ముఖం ఒకదాన్నొకటి ఎంత గట్టిగా అదుముకుంటాయో, ఆ రాపిడే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. బిగింపు సడలిందంటే ప్రతి చుట్టుకూ స్టడ్డు కాస్త కాస్త వంగుతుంది, వంగి వంగి తెగుతుంది. స్పేసర్ పెట్టడమంటే ఉన్న ఒక అతుకును రెండు చేయడం. అందుకే నా చూపు వెడల్పు మీద కాదు, అతుకు మీద ఉంటుంది.

ఇక నీ వెడల్పు సంగతి. ఘాటు మలుపుల్లో బండి నిలకడగా ఉంటుందని రాశావు. నీ ఇసుజు డీమ్యాక్స్ చక్రాల మధ్య దూరం సుమారు 1570 మిల్లీమీటర్లు. రెండు వైపులా ముప్పై వేస్తే అరవై పెరుగుతుంది, అంటే నూటికి నాలుగు పాళ్లు కూడా కాదు. తోతాపురి కోతల్లో వెనుక మామిడి పెట్టెలు ఒక వరుస ఎక్కువ పేర్చావంటే ఆ లాభం అక్కడే పోతుంది. అందం కోసమంటే ఒప్పుకుంటాను, దానికి సంజాయిషీ అక్కర్లేదు. నిలకడ కోసమంటే మాత్రం పెట్టెలు ఒక వరుస తగ్గించు.

దీనికి బేరింగు చెల్లించే వెల కూడా ఉంది. చక్రం ముప్పై మిల్లీమీటర్లు బయటికి పోతే, నేలనుంచి వచ్చే ప్రతి దెబ్బా బేరింగును అంత దూరం నుంచి పట్టి వంచుతుంది. ముందు చక్రాలకైతే స్టీరింగులో కూడా తెలుస్తుంది: ఒక వైపు చక్రం గుంతలో పడితే స్టీరింగు చేతిలోంచి గుంజుకుంటుంది. నవంబరు వానల్లో టైరు మడ్‌గార్డు దాటి ఉంటే తలుపుల నిండా బురద. అది కడగడం నీ పని కాబట్టి నేను పట్టించుకోను.

అయినా వేస్తానంటే రెండు రకాల్లో సరైనది ఎంచుకో. నేను జీపుకు చేసినట్టు మధ్యలో దూర్చే పలక ఒకటి. హబ్బుకు తన నట్లతో బిగుసుకుని, చక్రం కోసం తన సొంత స్టడ్లు ఉన్నది రెండోది. పలక జోలికి పోవద్దు. నీ స్టడ్లు పన్నెండు మిల్లీమీటర్లవి, ఒక్కో చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు. ఐదు మిల్లీమీటర్ల పలక పెట్టినా మూడు చుట్లకు పైగా పోతాయి. నట్టు కనీసం ఎనిమిది చుట్లు పట్టకపోతే నేను బండి కదలనివ్వను.

రెండో రకంలో కూడా "ఆరు రంధ్రాలది" అని అడిగి తెచ్చుకుంటే సరిపోదు. ఆరు రంధ్రాలు, అవి వరుసగా ఉండే 139.7 మిల్లీమీటర్ల వలయం నీ బండికీ టయోటా హైలక్స్‌కూ ఒకటే. నడుమ హబ్బు కొలత మాత్రం ఒకటి కాదు. స్పేసర్ హబ్బు మీద కదలకుండా కూర్చోవాలి, స్పేసర్ ముందున్న పెదవి మీద చక్రం కూర్చోవాలి. అవి వదులైతే చక్రం నడిమధ్యన నిలవదు, ఎనభై వేగం దాటగానే స్టీరింగు వణుకుతుంది. పెట్టె మీది అంకె నమ్మకుండా నీ హబ్బును వెర్నియర్‌తో కొలిచి ఆర్డరు పెట్టు. లోహం పోతపోసినది వద్దు. 6061 టీ6 రకం అల్యూమినియం దిమ్మెను కోసి చేసినదని రాసి ఉండాలి.

చాలామంది చూడనిది ఇంకొకటుంది. స్పేసర్ బిగించాక నీ పాత స్టడ్ల కొనలు దాని ముఖం దాటి బయటికి వచ్చాయేమో ఒక ఇనుప స్కేలు అడ్డంగా ఆనించి చూడు. స్కేలు స్పేసర్ ముఖానికి అంటుకోవాలి. ఏదైనా కొన తగిలి స్కేలు ఎత్తుకుందంటే, దాని మీద పెట్టిన చక్రం స్పేసర్‌కు బదులు ఆ కొనల మీదే కూర్చుంటుంది. నట్లు బిగిసినట్టే ఉంటాయి, ముఖాలు మాత్రం కలవవు. అల్లాయ్ చక్రాల వెనుక గుంటలుంటే ఆ కొనలు వాటిలో దాక్కుంటాయి, కానీ నీ స్టెప్నీ ఇనుప చక్రం, దాని వెనుక గుంటలు ఉండకపోవచ్చు. రాత్రి పూట మొగిలి ఘాటులో పంక్చరైనప్పుడు ఈ సంగతి తెలిస్తే ఏం లాభం? ముందే స్టెప్నీని నాలుగు మూలలా పెట్టి చూసుకో.

బిగించే ముందు హబ్బు ముఖం మీది తుప్పు వైరు బ్రష్షుతో తీసి, గుడ్డతో తుడువు. మరలకు గ్రీజు రాయవద్దు. గ్రీజు మీద అదే బలంతో బిగిస్తే స్టడ్డు ఎక్కువ సాగుతుంది. అన్ని నట్లూ ముందు చేత్తో తిప్పు, తర్వాత ఎదురెదురుగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి టార్కు రెంచితో బిగించు. బలం ఎంతో నీ బండి పుస్తకంలో ఉంటుంది, అదే పెట్టు. టైరు దుకాణంలో గాలి తుపాకీతో బర్రుమని బిగించేవాళ్లను దగ్గరికి రానివ్వకు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. పై నట్లు చూస్తే చాలదు. చక్రం విప్పి లోపలి నట్లు చూడాలి. బద్ధకం ఉన్నవాడికి స్పేసర్లు పనికిరావని నేను అనేది ఇందుకే. లోపలి నట్ల మీదుగా స్పేసర్ మీదికి ఒక పసుపు రంగు గీత గీసి ఉంచు, సడలితే గీత విరిగి కనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటిగా రెండు స్పేసర్లు మాత్రం ఎన్నడూ వేయకు.

చట్టం సంగతి కూడా విను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. కాబట్టి ఆర్డరు పెట్టకముందే చిత్తూరు రవాణా కార్యాలయంలో అడుగు, బీమా వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయి. అక్కడ కాదన్నారంటే నా ఈ ఉత్తరంలో మిగిలిన ముక్కలన్నీ మరిచిపో. నీ బండి పుట్టిన శ్రీసిటీ ఫ్యాక్టరీలో ఆ చక్రాన్ని అక్కడే పెట్టడానికి కారణం ఉండే ఉంటుంది.

నన్నడిగితే, అనుమతి ఉన్న పక్షంలో స్పేసర్లకు బదులు ఆఫ్‌సెట్ తక్కువున్న రిమ్ములు, అంటే వాటంతటవే చక్రాన్ని బయటికి నిలిపేవి, కొంటాను. బేరింగుకు పడే భారం ఒకటే, కానీ అతుకు ఒకటే ఉంటుంది. ఖర్చు ఎక్కువ, నిజమే.

ఏది తేల్చుకున్నా వచ్చే ఆదివారం బండి ఖాళీగా తీసుకురా. పార్సెలు వచ్చి ఉంటే విప్పకుండా పట్టుకురా. స్టెప్నీ కూడా దించాలి, కాబట్టి జాకీ మరిచిపోకు, పోయినసారి నా జాకీ తీసుకెళ్లింది నువ్వే.

మీ మామయ్య