టెక్ సందేహాలు: ఫుట్‌నోట్‌లో తీర్పు సంవత్సరం మారిపోతోందా?

ప్రశ్న: ఎల్‌ఎల్‌ఎం థీసిస్ రాస్తున్నాను. రిఫరెన్సులు దాచుకుని ఫుట్‌నోట్లు తయారుచేసే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో పుస్తకాలు, వ్యాసాల వివరాలు చక్కగానే వస్తున్నాయి. కోర్టు తీర్పులతోనే చిక్కు. ఆస్కోలా (బ్రిటన్‌లో న్యాయ రచనలకు వాడే ఫుట్‌నోట్ పద్ధతి) స్టైల్‌లో డి.కె. బసు కేసుకు 1997 బదులు 1996 పడుతోంది. ఆల్ ఇండియా రిపోర్టర్ (ఏఐఆర్) అనే తీర్పుల సంకలనాన్ని చూపే సైటేషన్లైతే వరుసే తారుమారవుతోంది.
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: జొటేరో తప్పేమీ లేదండీ, మీరిచ్చిన తేదీనే అది వాడుకుంది. డి.కె. బసు వర్సెస్ పశ్చిమ బెంగాల్ రాష్ట్రం కేసులో తీర్పు వెలువడింది 1996 డిసెంబరు 18న. సుప్రీంకోర్టు కేసెస్ (ఎస్‌సీసీ) అనే తీర్పుల సంకలనంలో అచ్చయింది మరుసటి ఏడాది మొదటి సంపుటిలో. అందుకే (1997) 1 ఎస్‌సీసీ 416. జొటేరోలో కేసుకు ఉన్న తేదీ గడి 'డేట్ డిసైడెడ్' ఒక్కటే. రిపోర్టు సంవత్సరానికి వేరే గడి లేదు. కాబట్టి అక్కడ 1997 అని మాత్రమే వేసి, అసలు తేదీని దానికి జతచేసే నోట్‌లో రాసుకోండి. పద్ధతి పట్టింపు ఉన్నవారికి ఇది నచ్చదు. థీసిస్ గడువు దగ్గరపడినప్పుడు మాత్రం నేను దీనికే ఓటేస్తాను.

రిపోర్టర్ గడిలో ఎస్‌సీసీ, రిపోర్టర్ వాల్యూమ్‌లో 1, ఫస్ట్ పేజ్‌లో 416 ఉన్నాయో లేదో చూడండి. బ్రౌజర్ నుంచి ఒక్క క్లిక్కుతో దించుకున్న తీర్పులు చాలాసార్లు 'వెబ్ పేజ్'గా చేరుతుంటాయి. ఐటమ్ టైప్‌ను 'కేస్'గా మార్చేదాకా ఏ స్టైలూ వాటిని తీర్పులుగా గుర్తించదు.

ఏఐఆర్ సంగతి వేరు. ఇదే కేసు అందులో ఏఐఆర్ 1997 ఎస్‌సీ 610. సంపుటి సంఖ్య ఉండదు, సంవత్సరమే ఆ పని చేస్తుంది, మధ్యలో కోర్టు పేరు వస్తుంది. బ్రిటన్ అలవాట్లకు తయారైన ఆస్కోలాకు ఈ వరుస తెలియదు. కేసు పేరొక్కటే ఉంచి మిగతా గడులు ఖాళీగా వదిలేయండి. వర్డ్‌లో సైటేషన్ పెట్టేటప్పుడు దానిపై క్లిక్ చేస్తే 'సఫిక్స్' గడి కనిపిస్తుంది, మిగిలిందంతా అందులో టైపు చేయండి. పేరా సంఖ్య కావాలంటే దాన్నీ సఫిక్స్ చివర్లోనే టైపు చేయండి.

మీ విశ్వవిద్యాలయం ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ పద్ధతి అడుగుతోందా, ఆస్కోలానా అన్నది గైడ్‌ను ఇప్పుడే అడగండి. వంద ఫుట్‌నోట్ల తర్వాత చేత్తో టైపు చేసిన సఫిక్స్‌లు స్టైల్ మార్చినా మారవు.

ప్రశ్న: ఈ సైటేషన్ల పనంతా ఏఐ చాట్‌బాట్‌కు అప్పగించకూడదా?
– ఒక జూనియర్ న్యాయవాది, హైదరాబాద్

జవాబు: మీ దగ్గరున్న వివరాలను ఒక వరుసలో పెట్టమంటే పెడుతుంది. కేసులను వెతికి ఇమ్మంటేనే ప్రమాదం. న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టుకు సమర్పించారు. 2023 జూన్‌లో జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. చాట్‌బాట్ ఇచ్చే ప్రతి సుప్రీంకోర్టు తీర్పునూ ఆ కోర్టు తీర్పుల ఆన్‌లైన్ సంకలనమైన ఈ-ఎస్‌సీఆర్‌లో వెతకండి, అది ఉచితం. అక్కడ కనిపించనిదాన్ని మరో నమ్మకమైన రిపోర్టులో మీ కళ్లతో చూసేదాకా మెమోలో పెట్టకండి.