క్యారెట్ కుటుంబాన్ని కాయను బట్టి గుర్తించండి

క్యారెట్, కొత్తిమీర, జీలకర్ర, ఇంగువ ఒకే కుటుంబానికి చెందినవని ఎలా తేల్చారనీ, వాటి ఆర్థిక ప్రయోజనం ఏమిటనీ మీరు అడిగారు. ధనియాలు పండించే ఇంట్లో పెరిగి, తరువాత వృక్షశాస్త్రం చదువుకున్నవాడిగా నేను మొదట చూడమనేది కాయను.

మా వైపు నల్లరేగడి చేలలో వానలు వెనకబట్టాక, నేలలో మిగిలిన పదును మీదనే ధనియాలు చల్లుతారు. అంతకు ముందు వాటిని గట్టి నేల మీద పోసి, రుద్ది, రెండేసి బద్దలు చేస్తారు. ఒక్కో బద్దలో ఒక్కో గింజ ఉంటుంది కనుక ఒక కాయ నుంచి రెండు మొక్కలు మొలుస్తాయి. మనం విత్తనాలనుకునే ధనియాలు నిజానికి ఇలా రెండుగా చీలే కాయలే. జీలకర్ర, వాము, సోంపు, షాజీరాలదీ ఇదే నిర్మాణం.

ఆ కాయ గోడలోని తైలనాళాలే, అంటే వాసన నూనె ఉండే సన్నని గొట్టాలే, ఈ కుటుంబపు సంపద. వాముకు థైమాల్, సోంపుకు అనెథోల్, ధనియాలకు లినలూల్ అనే నూనె పదార్థాలు వాటి వాసననిస్తాయి. ధనియాల కాయను పచ్చిగా నలిపితే నల్లి వాసన కొడుతుంది. పండేకొద్దీ అది పోయి లినలూల్ పెరుగుతుంది కాబట్టి కోత ఎప్పుడన్నది రైతుకు చిన్న విషయం కాదు. జీలకర్రకు గుజరాత్, రాజస్థాన్ ప్రధానమైతే, వాముకు మన కర్నూలు పేరున్న మార్కెట్టు.

గొడుగులా విచ్చుకునే పూగుత్తి, అయిదు రేకులు, అయిదు కేసరాలు, పూరేకుల కిందుండే అండాశయం, కాండాన్ని ఒరలా చుట్టుకునే ఆకు అడుగుభాగం, ఇవి మిగతా గుర్తులు. ఆకును మాత్రం నమ్మకండి. ఉత్తరాదిన గాజర్ ఘాస్ అని పిలిచే వయ్యారిభామకు క్యారెట్ ఆకు పోలికే గాని, అది చామంతి కుటుంబానిది. ఇక సోక్రటీస్‌కు క్రీ.పూ. 399లో ఇచ్చిన హెమ్లాక్ విషం అచ్చంగా ఈ కుటుంబపు మొక్కదే. అందువల్ల అడవిలో కనిపించిన గొడుగుపూల మొక్కను రుచి చూడకూడదు.

క్యారెట్‌లో తినేది వేరు. ఇంగువలోనూ విలువంతా వేరుదే, కాకపోతే దానికి గాట్లు పెట్టి, కారిన పాలు గట్టిపడ్డాక గీకి తీస్తారు. ఆ ముడిసరుకును మనం ఎక్కువగా ఆఫ్ఘనిస్థాన్, ఇరాన్, ఉజ్బెకిస్థాన్‌ల నుంచి తెప్పించుకుంటున్నాం. 2020 అక్టోబరులో పాలంపూర్ హిమాలయ జీవవనరుల సాంకేతిక సంస్థ హిమాచల్‌లోని లాహౌల్ లోయలో దీని సాగును మొదలుపెట్టింది. నాటిన మొక్క పాలివ్వడానికి సుమారు అయిదేళ్లు పడుతుంది.